గడప ముగ్గులో ఒక మూల

బర్మింగ్‌హామ్
24 జూలై 1983

డిలిస్ అక్కా,

తుంటి నొప్పి ఎలా ఉంది? కొత్త మాత్రలు వేసుకుంటే పగలే నిద్ర ముంచుకొస్తోందని రాశావు. వాటిని టీతో మింగకు, నీళ్ళతో మింగు. చెప్పినా వినవని తెలుసు, అయినా రాస్తున్నాను.

నీకు ఒక సంగతి చెప్పాలి. మూడు వారాలుగా కాగితం తీయడం, మళ్ళీ సొరుగులో పెట్టేయడం. ఆగస్టు ఆరు నుంచి ఇరవై దాకా మేమంతా హవోద్ వెన్‌కి వెళ్తున్నాం. అవును, మన హవోద్ వెన్‌కే. పాత ఇళ్ళు బాగుచేసి సెలవులకి అద్దెకిచ్చేవాళ్ళ పుస్తకం ఒకటి డెరెక్‌కి ఆఫీసులో ఎవరో ఇచ్చారు. అతను పేజీ తిప్పితే మన కొట్టం, మన పొగగొట్టం, వెనకాల మన కొండ! "పర్వతాల నడుమ నాలుగు వందల ఏళ్ళ నాటి రైతు ఇల్లు, ప్రశాంతమైన విశ్రాంతి" అని కింద రాశారు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ విశ్రాంతి అనే మాట ఎవరి నోటా నేను వినలేదు.

నాకు తెలియకుండా బుక్ చేసేశాడు. నా పుట్టినరోజు కానుకట. మేం ముగ్గురం, మా అత్తగారు హిల్డా. మా మెలేరికి పన్నెండు నిండాయి, తన అమ్మ పుట్టిన ఇల్లు ఒక్కసారీ చూడలేదు. నువ్వు కూడా రా అక్కా. డెరెక్ కారులో కాన్వీకి వచ్చి నిన్ను తీసుకెళ్తాడు.

కోపం తెచ్చుకోకు.

నీ చెల్లెలు
ఐర్వెన్


కాన్వీ
28 జూలై 1983

చెల్లీ,

కోపమా? నాకెందుకు కోపం? ఆ ఇల్లు నాదా నీదా? నాన్న కౌలు నాతో ఆగిపోయింది. దొరగారి వారసులు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు గోడలకి సున్నం వేసి వచ్చేపోయేవాళ్ళకి ఇస్తున్నారు. ఎవరైనా వెళ్ళొచ్చు. లండన్ వాళ్ళు వెళ్తున్నారు, జర్మనీ వాళ్ళు వెళ్తున్నారు, మా చెల్లెలు వెళ్తే వద్దనడానికి నేనెవర్ని?

నేను మాత్రం రాను. యాభై మూడేళ్ళు ఆ ఇంట్లో నిప్పు రాజేశాను. ఇప్పుడు అతిథిలా వెళ్ళి, తువ్వాళ్ళు ఎక్కడున్నాయో గోడకి అంటించిన కాగితం చదువుకోమంటావా? నువ్వు పందొమ్మిదేళ్ళకే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయినదానివి. నీకు దూరపు కొండలు నునుపు. ఆ కొండ మీద మంచులో గొర్రెల్ని తవ్వి తీసినదాన్ని నేను. నాకు అది గరుకుగానే గుర్తుంది.

ఇక్కడంతా బాగానే ఉంది. ఎదురింటి మిసెస్ ప్యూ పెంచే పిట్ట నా పేరు పలకడం నేర్చుకుంది. రోజుకి నలభైసార్లు "డిలిస్, డిలిస్" అని అరుస్తుంది. నన్ను పేరు పెట్టి పిలిచేది ఇప్పుడు అదొక్కటే.

ఎవరెవరు ఏ గదిలో పడుకుంటున్నారో రాయి. ఊరికే, తెలుసుకుందామని.

డిలిస్


హవోద్ వెన్
7 ఆగస్టు 1983, ఆదివారం

అక్కా,

వచ్చేశాం. వానే మమ్మల్ని ఎదురొచ్చి తీసుకెళ్ళింది. గేటు దగ్గర కారు బురదలో దిగబడితే డెరెక్ చొక్కా నిండా మట్టి. మా అత్తగారు కారులోంచి కదలకుండా "మీ ఊళ్ళో రోడ్లు వేయడం ఇంకా మొదలుపెట్టలేదా ఐర్వెన్?" అంది. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు.

ఏ గదిలో ఎవరని అడిగావు. మేడ మీద మన గదిలో మెలేరి. దూలం మీద నువ్వు మేకుతో గీసిన గుర్రం అలాగే ఉంది. పక్కగదిలో డెరెక్, నేను. అత్తగారికి మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి కింద అమ్మ మంచం ఇచ్చాం, గోడలోకి ఉండే ఆ చెక్కతలుపుల మంచం. వేరే దారి లేదు అక్కా.

కొట్టం ఇప్పుడు భోజనాల గది అయింది. ఆవులు నిలబడ్డ చోట మేం గుడ్లు తింటున్నాం. గోడ మీద ఇంటి చరిత్ర రాసిపెట్టారు. ఎప్పుడో ఒక దొర వేటకొచ్చి ఒకరోజు ఇక్కడ పడుకున్నాడని నాలుగు వాక్యాలు. మన గురించి "చివరగా ఒక రాబర్ట్స్ కుటుంబం నివసించింది" అని ఒక్క వాక్యం.

అసలు సంగతి ఇంకోటి. తాళంచెవి ఇవ్వడానికి మెన్నా పారీ వచ్చింది. కింది పొలం పారీ వాళ్ళ కోడలు, ఈ ఇంటిని చూసుకునేది ఆమేనట. పాలు, వెన్న, ఎండుద్రాక్షలు వేసిన బారా బ్రిత్ రొట్టె తెచ్చింది. మంచి మనిషే. కానీ నేను కారు దిగి గడప రాయి చూసి ఆగిపోయాను. నల్లటి పలకరాయి మీద తెల్లటి సుద్దతో అమ్మ ముగ్గు! అదే మెలిక, మధ్యలో అవే మూడు వలయాలు, చెయ్యి ఎత్తకుండా గీసిన అదే గీత. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. గడప మీద అమ్మ ఇప్పుడే మోకాళ్ళ మీద కూర్చుని లేచి వెళ్ళినట్టుంది.

"ఎవరు వేశారు?" అని అడిగాను. "నేనే. ప్రతి శనివారం కొత్తవాళ్ళు వచ్చేముందు వేస్తాను" అంది మెన్నా, టేబుల్ తుడిచానన్నంత తేలిగ్గా.

నాకు గుండెలో ముల్లు దిగింది. దాచుకోను, అది అసూయే. నాకు ఏడేళ్ళప్పుడు సుద్దముక్క పట్టుకుంటే అమ్మ లాక్కుని "నీ చెయ్యి నిలవదు, పోయి చదువుకో" అని తోలేసింది గుర్తుందా? నువ్వు పక్కనే కూర్చుని నవ్వావు. కూతురికి రాని ముగ్గు పక్కింటి కోడలికి ఎవరు నేర్పారు?

ఐర్వెన్


కాన్వీ
9 ఆగస్టు 1983

చెల్లీ,

అమ్మ మంచం మీద మీ అత్తగారు! ఆ మంచంలో అమ్మమ్మ పుట్టింది, నాన్న పోయాడు, అమ్మ పోయింది. ఇప్పుడు హిల్డా గారు గురక పెడుతున్నారన్నమాట. ఆ చెక్కతలుపు ఎడమది గట్టిగా మూస్తే ఇరుక్కుపోతుంది. ఆమెకి చెప్పకు.

మెన్నాకి నేర్పింది నేనే. ఇంకెవరు నేర్పుతారు? నేను ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను బండిలో ఎక్కించడానికి ఆ పిల్ల వచ్చింది. అప్పుడు గడప దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. నువ్వు ఉన్నావా అక్కడ? "సెలవు దొరకలేదు" అని ఒక కార్డు పంపావు. కార్డు మీద పువ్వుల బొమ్మ బాగుంది.

ఆ బారా బ్రిత్ కూడా నాదే. ఎండుద్రాక్షల్ని ముందు రోజు చల్లటి టీలో నానబెట్టమని ఆమెకి చెప్పింది నేను. నేను పోయినేడాది నీకు పార్సిల్లో పంపితే "కాస్త గట్టిగా ఉంది" అని రాశావు. మెన్నా చేస్తే మాత్రం తిన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి.

నా చేత్తో గీసిన గుర్రం మీద మెలేరి ఏమందో రాయలేదు నువ్వు.

ఆ గోడ మీది చరిత్రలో దొర పేరు ఉందా? ఉండే ఉంటుంది. ఒక్క రాత్రి పడుకున్నవాడికి పేరు ఉంటుంది.

డిలిస్


హవోద్ వెన్
11 ఆగస్టు 1983

అక్కా,

మెలేరి ఆ గుర్రాన్ని కుక్క అనుకుంది. అడిగావు కాబట్టి రాశాను.

ఇక్కడ రోజులు మంచిగానే గడుస్తున్నాయి. డెరెక్ చేతిలో మ్యాపు పట్టుకుని మన ఇంటి పైనున్న గుట్ట ఎక్కబోయి నడుము దాకా ఊబిలో దిగాడు. "మ్యాపులో ఇక్కడ దారి ఉంది" అని అందులోంచే అరుస్తున్నాడు. పారీ గారు తాడు విసిరి, "మ్యాపు గీసినవాడు ఎండ కాసిన రోజున వచ్చుంటాడు బాబూ" అన్నాడు. అత్తగారు అది విని ఎంత నవ్విందో! ఆమె నవ్వడం పదిహేనేళ్ళలో రెండోసారి చూశాను.

మెలేరి మెన్నాని వదలడం లేదు. నిన్న గొర్రెల్ని కొండ మీద నుంచి దింపుతుంటే వాళ్ళతో పోయింది. వచ్చి, "అమ్మా, ఆ గొర్రెలకి కంచె లేదు, అయినా తమ కొండ దాటి పోవట, తల్లి చూపించిన చోటే పిల్లలు మేస్తాయట, ఇల్లు అమ్మితే గొర్రెలు కూడా ఇంటితోనే ఉండిపోతాయట" అని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. నాకు తెలియనిదా! కానీ నేను ఎప్పుడూ దానికి చెప్పలేదు. నా కూతురికి నా ఊరి సంగతి మెన్నా చెప్తోంది, మా అమ్మ ముగ్గు మెన్నా వేస్తోంది, మా అక్క రొట్టె మెన్నా చేస్తోంది. ఇక నాకంటూ ఇక్కడేం మిగిలింది?

నువ్వు నేర్పావని తెలిసి నాకు ఇంకా మండింది. నేను సెలవు దొరకలేదని రాసింది సాకే, అప్పుడు మెలేరికి పొంగు జ్వరం. అది రాస్తే నువ్వు ఇంకా దిగులు పడతావని రాయలేదు. తర్వాతైనా ఒక్క కాగితం మీద గీసి పంపి ఉండొచ్చు కదా? ఇరవై ఏళ్ళు నువ్వు అమ్మ పక్కన కూర్చున్నావు. ప్రతి పొద్దునా. నేను హాస్టల్లో, తర్వాత అద్దె గదుల్లో, ఇంగ్లీషు వాళ్ళ మధ్య. అమ్మకి నువ్వు ఒక్కదానివే కూతురివని నేను ఎప్పుడో అర్థం చేసుకున్నాను.

ఇంకో మాట. ఇవాళ వంగి చూశాను. మెన్నా ముగ్గులో తప్పుంది. వాకిట్లో నిలబడి చూస్తే కుడిచేతి మూల, గేటు వైపుది, కలవలేదు. గీత అక్కడికొచ్చి ఆగిపోయింది. జానెడు ఖాళీ. గడప ముగ్గు ఎక్కడా తెగకూడదనీ, తెగితే చెడు అందులోంచి లోపలికొస్తుందనీ చిన్నప్పుడు ఊరంతా అనుకునేవాళ్ళు. అమ్మది ఎప్పుడూ కలిసే ఉండేది, నాకు బాగా గుర్తు. ఆ చివరి మెలిక ఎలా తిప్పాలో గీసి పంపు.

ఐర్వెన్


కాన్వీ
13 ఆగస్టు 1983

ఐర్వెన్,

మెన్నా తప్పు వేయలేదు. దాన్ని ముట్టుకోకు. గీసి పంపను.

పొంగు జ్వరం సంగతి అప్పుడే రాయాల్సింది.

మిసెస్ ప్యూ పిట్టకి జలుబు చేసింది. రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

డిలిస్


హవోద్ వెన్
15 ఆగస్టు 1983

డిలిస్ అక్కా,

పొద్దున్న నీ ఉత్తరం వచ్చింది. మూడు ముక్కలు. అందులో ఒకటి పిట్ట గురించి.

మొన్న శనివారం మెన్నా ముగ్గు వేస్తుంటే పక్కనే నిలబడ్డాను. చెయ్యి ఎత్తకుండా గీత లాక్కుంటూ వచ్చి, ఆ గేటు వైపు మూలలో ఆగి, సుద్ద కిందపెట్టి లేచింది.

"అది మూయవా మెన్నా?" అన్నాను.

"మూయకూడదు. మీ అక్క ఇలాగే నేర్పింది. నేను మొదటిసారి మూసేయబోతే చేతి మీద ఒక్కటేసింది" అంది. "ఎందుకని అడిగాను. నీకెందుకు, చెప్పినట్టు చెయ్యి అంది. డిలిస్ ఆంటీ సంగతి మీకు తెలుసు కదా."

నాకు బాగా తెలుసు. పక్కింటిదానికి ముప్పాతిక ముగ్గు ఇచ్చి, చివరి మూల నీ దగ్గరే దాచుకున్నావు. ఎవరూ నీలా వేయకూడదు. అమ్మ తర్వాత నువ్వే, నీ తర్వాత ఎవరూ ఉండకూడదు. చిన్నప్పుడు మిఠాయి ముక్క సగం ఇచ్చి మిగతా సగం గుప్పిట్లో మూసుకునేదానివే, యాభై ఏడేళ్ళొచ్చినా ఆ గుప్పిట తెరవలేదు!

సరే, నీ దయ నాకక్కర్లేదు. ఇవాళ నేనే గడప ముందు కూర్చున్నాను. మెలేరి పలక మీద పదిరకాలుగా గీసి చూసింది. ఏడోది కుదిరింది. గీత లోపలికి తిరిగి మూడో వలయాన్ని తాకి బయటికొచ్చి మూలని కలుపుతుంది. నా చెయ్యి వణకలేదు అక్కా. అమ్మ నా చెయ్యి నిలవదని అన్నది అబద్ధం. ఇప్పుడు ముగ్గు నిండుగా ఉంది, దూరడానికి సూదంత సందు లేదు. అత్తగారు ఫోటో తీసింది, కడిగించి పంపుతాను. నీ గోడకి పెట్టుకో.

శనివారం వెళ్ళిపోతున్నాం. నిన్ను తీసుకురమ్మని డెరెక్‌ని ఇక అడగను.

ఐర్వెన్


కాన్వీ
17 ఆగస్టు 1983

చెల్లీ,

నువ్వు మూసేశావు. నీ చేత్తోనే మూసేశావు. నీ ఉత్తరం చదివి ముందు నాకు నవ్వొచ్చింది.

ఈ మాట నీకు చెప్పకూడదని ఇరవై ఏడేళ్ళు ఓర్చుకున్నాను. చెప్తే నువ్వు గెలుస్తావు, అందుకని. ఇప్పుడు చెప్తున్నాను, విను.

నీకు గుర్తున్నది నిజమే. నువ్వు ఇంట్లో ఉన్నంతకాలం అమ్మ ముగ్గు నాలుగు మూలలా కలిసే ఉండేది. నువ్వు పెట్టె పట్టుకుని బస్సెక్కిన మర్నాడు పొద్దున నేను పాలు పిండి కొట్టంలోంచి వస్తున్నాను. అమ్మ ముగ్గు వేసి లేచింది. చూస్తే గేటు వైపు మూల ఖాళీ.

"అమ్మా, మూల మిగిలిపోయింది" అన్నాను.

"మిగల్లేదు. ఉంచాను" అంది. "ఐర్వెన్ వస్తే ఎటునుంచి వస్తుంది?"

"తలుపుంది కదమ్మా."

"తలుపు అందరికీ ఉంటుంది" అంది.

అంతే. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు. వానైనా, మంచైనా, నాన్న పోయిన మర్నాడైనా. ఊళ్ళోవాళ్ళు చూసి "ఏమిటి మిసెస్ రాబర్ట్స్, సైతానుకి దారి వదిలారు?" అంటే, "వస్తే రానివ్వండి, టీ ఇస్తాను" అనేది. నువ్వు మాత్రం రాలేదు. వచ్చిన రెండుసార్లూ చావులకే వచ్చావు, గడప నిండా జనం బూట్లు. నీకెలా కనిపిస్తుంది?

ప్రతి పొద్దునా నేను అమ్మ పక్కన కూర్చున్నానని నన్ను చూసి కుళ్ళుకున్నావే, ఇప్పుడు చెప్పు. పక్కనే కూర్చుని నేను చూసింది ఏమిటి? లేని కూతురికి అమ్మ చోటు వదలడం చూశాను. నీకు పుస్తకం ఇచ్చింది, నాకు సుద్దముక్క ఇచ్చింది. వెళ్ళిపోయినదానికి మూల ఇచ్చింది, ఉన్నదానికి ఆ మూల ఊడ్చే పని ఇచ్చింది. రెండు చేతుల్లో రెండు పాల బకెట్లతో నేను వస్తుంటే నాకోసం ఎవరూ దారి వదల్లేదు. నేను ఎటూ పోనుగా! పోనివాళ్ళకి దారెందుకు?

చెల్లీ, నిన్ను చూసి నేను ఎంత కుళ్ళుకున్నానో నీకు తెలియదు. నీ ఇంగ్లీషు మొగుణ్ణి చూసి కాదు, నీ ఇల్లు చూసి కాదు. ఆ జానెడు ఖాళీని చూసి.

అమ్మని పాతిపెట్టిన మర్నాడు నేను గడప కడిగి, ముగ్గు వేసి, నాలుగు మూలలూ మూసేశాను. కసిగా మూశాను. ఐదేళ్ళు మూసే ఉంచాను. నా ఇల్లు, నా గడప అనుకున్నాను. కానీ వేసిన ప్రతిసారీ అమ్మ వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది. ఇల్లు వదిలిన రోజు మెన్నాని కూర్చోబెట్టి నేర్పుతున్నప్పుడు, నాలా మూసి నేర్పుదామనే అనుకున్నాను. గీత మూల దాకా వచ్చింది. ఆపేయమన్నాను. నా ముగ్గు నాతో పోతే పోనీ, అమ్మది ఉండాలి అనిపించింది. నీ మీద ప్రేమతో మాత్రం కాదు, అలా అనుకోకు.

ఇక నీ ఇష్టం. మూసింది నువ్వే కాబట్టి ఉంచుకున్నా నువ్వే, తీసినా నువ్వే.

ఫోటో పంపకు.

డిలిస్


బర్మింగ్‌హామ్
21 ఆగస్టు 1983

అక్కా,

నిన్న సాయంత్రం చేరాం. సామాను ఇంకా విప్పలేదు, వంటగదిలో కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది. వాకిట్లో నిలబడే చదివాను. చదువుతూ నేను ఎక్కడ నిలబడ్డానో తెలుసా? గేటు వైపు మూల మీద. కాళ్ళ కింద నేను మూసిన గీత. అక్కడే కూలబడి ఏడ్చాను. డెరెక్ పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగాడు. అమ్మ, అన్నాను. "మీ అమ్మ తొమ్మిదేళ్ళ కిందటే పోయింది కదా" అన్నాడు పాపం.

అత్తగారు లోపలికెళ్ళి తన మెత్త తెచ్చి నా మోకాళ్ళ కింద పెట్టింది. "రాయి చల్లగా ఉంది ఐర్వెన్, ఏ పని చేసినా దీని మీద కూర్చుని చెయ్యి" అంది. ఆమెని ఇన్నాళ్ళు ఏమేమో అన్నాను, కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కొంచెమే. మంచం తలుపు ఎడమది నిజంగానే ఇరుక్కుపోయింది, గురువారం పొద్దున డెరెక్ గరిట కాడతో తీశాడు. నీ శాపం ఫలించింది.

అక్కా, అమ్మ నన్ను తోలేసిందని నలభై ఏళ్ళు నమ్మాను. ఇంటికి రావాలనుకున్న ప్రతిసారీ, నేను లేకపోయినా వాళ్ళకి ఏ లోటూ లేదు అనుకుని ఆగిపోయాను. అక్కడేమో అమ్మ రోజూ దారి తీసిపెట్టుకుని కూర్చుంది. నువ్వు ఒక్క ముక్క రాసి ఉంటే నేను వచ్చేదాన్ని. ఆ కోపం నాకు పోలేదు, త్వరగా పోదు కూడా. కానీ నువ్వు ఎందుకు రాయలేదో మాత్రం తెలుస్తోంది. నేను నీ చోట ఉంటే నేనూ రాసేదాన్ని కాదు.

ఒక మాట నిజంగా అడుగుతున్నాను. అమ్మ వదిలిన జానెడు ఖాళీ నాకు, అమ్మ పక్కన పద్దెనిమిదేళ్ళ పొద్దులు నీకు. మార్చుకుందామా అంటే నేను ఇప్పటికీ సరే అంటాను. నువ్వు?

శనివారం పొద్దున గడప కడిగాను. అమ్మ ముగ్గు మళ్ళీ వేశాను, మెలేరి సుద్ద అందించింది. గేటు వైపు మూల తెరిచి ఉంచాను. తర్వాత ఎడమ చేతి వైపు, కొట్టం వైపు మూల దగ్గరికొచ్చాను. నువ్వు ఎప్పుడూ అటునుంచే వచ్చేదానివి, రెండు చేతుల్లో బకెట్లతో. తలుపు కాలితో తోసుకునేదానివి. ఎవరూ నీకు తలుపు తీయలేదు, నేను కూడా తీయలేదు.

ఆ మూల కూడా తెరిచి ఉంచాను.

మెన్నా వచ్చి చూసి, "ఇప్పుడు కొండ మీది ఎలుకలన్నీ వస్తాయి" అంది. కానీ ఇక నుంచి ప్రతి శనివారం ఇలాగే వేస్తానని మాటిచ్చింది. అక్టోబరు మొదటి వారం ఇల్లు ఖాళీగా ఉందట. నేను, మెలేరి వస్తాం. అత్తగారు రారు, డెరెక్ రాడు. నువ్వు రావాలి. అతిథిలా కాదు, కొట్టం వైపు నుంచి రా.

నీ చెల్లెలు
ఐర్వెన్


కాన్వీ
26 ఆగస్టు 1983

చెల్లీ,

రెండు మూలలు తెరిస్తే దాన్ని ముగ్గు అనరు, జల్లెడ అంటారు. అమ్మ ఉంటే నీ చేతి మీద ఒక్కటేసేది.

అక్టోబరుకి వస్తాను. కొన్ని షరతులు. అమ్మ మంచం నాది. బారా బ్రిత్ నేనే చేస్తాను, గట్టిగా ఉన్నా నోరు మూసుకుని తినాలి. వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకంలో నేను పెట్టను. గోడ మీది చరిత్ర కింద నా పేరు పెన్సిల్‌తో నేనే రాసుకుంటాను, ఆ దొర పేరు కంటే పెద్దగా. మెలేరికి ఆ గుర్రం గుర్రమేనని చెప్పి ఉంచు.

మార్చుకుందామా అని అడిగావు. ఆలోచిస్తున్నాను. మొదటి రోజు కాదనుకున్నాను, రెండో రోజు అవుననుకున్నాను. ఇవాళ పొద్దున నిద్ర లేచాక అమ్మ సుద్ద పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది, గోళ్ళ సందుల్లో తెల్లగా. ఆ చెయ్యి నీకు ఇవ్వను.

పిట్టకి తగ్గింది. మళ్ళీ అరుస్తోంది.

మంగళవారం సంతకి మెన్నా వచ్చింది. నా దగ్గర టీ తాగింది. ఆ రెండు ఖాళీల సంగతి అడిగాను. "రెండూ సమానమే ఆంటీ, ఐర్వెన్ జానతో కొలిచి మరీ వేసింది" అంది. మెన్నా మంచి పిల్ల, మనసు నొప్పించదు. అలాంటివాళ్ళ మాట నమ్మకూడదు.

నువ్వు నిజం రాయి. నీది పెద్దదా, నాది పెద్దదా?

అక్క
డిలిస్